ఇందాక లేని చోటు



మన మధురవాడలో చలినిగూర్చి వ్రాయుట నవ్వు పుట్టించు సంగతియే. సముద్రము ఇంత దగ్గర. డిసెంబరు మాసపు రాత్రులలో కూడ మనవారు ఒక పలుచని దుప్పటితో గడుపుదురు. కొందరు దానిని సైతము అర్ధరాత్రి తన్నివేయుదురు. ఉదయకాల ప్రార్థనకు చెవులకు మఫ్లరు చుట్టుకొని వచ్చు పెద్దలను చూచి పిల్లలు నవ్వుదురు. అయినను ఈ నెల మేము చలినిగూర్చియే వ్రాయవలసి వచ్చినది. గడచిన క్రిస్మస్ దినములలో ఒక పాత కారులో చేసిన ప్రయాణమందు ఒక ముసలి తల్లి మమ్మును ఒక ప్రశ్న అడిగినది. అప్పుడు దానికి జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడైనను పూర్తిగా చెప్పగలమని కాదు.

చింతపల్లి మండలములో కొండమీద ఒక చిన్న సంఘమున్నది. ఇరువది కుటుంబములకు మించవు. వారు క్రిస్మస్ ఆరాధనకు మమ్మును పిలిచిరి. మధురవాడనుండి అనకాపల్లి, నర్సీపట్నము మీదుగా పోయి, లంబసింగి కొండ ఎక్కి వెళ్లవలెను. ఉదయపు ఆరాధనకు అందుకొనవలెనని రాత్రి రెండున్నరకే బయలుదేరితిమి. కారు మా సంఘపు పెద్ద ఒకరిది. నడపినవాడు ఆయన మేనల్లుడు. ముందు సీటులో మేము, వెనుక పెద్దగారును స్త్రీల సమాజములోని మామ్మగారును. వారిద్దరి మధ్య ఒక పెద్ద మూట, దాని మీద కేకుల పెట్టె. డిక్కీ నిండ బియ్యము, వంటపాత్రలు.

లంబసింగిని ఎరుగనివారు మనలో తక్కువ. అది సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. అక్కడివారు దానిని కొర్రబయలు అని కూడ పిలుచుదురు. రాత్రి బయట నిలిచినవాడు కొర్రువలె, అనగా కఱ్ఱవలె, బిగుసుకొనిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఎత్తు ఒక్కటే దీనికి కారణము కాదు. మబ్బులేని రాత్రి నేలలోని వేడి ఆకాశమునకు ఎగిరిపోవును; చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంబడి జారి లోయలో నీరువలె నిలుచును. అందుచేత తెల్లవారుజామున అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిన సంవత్సరములు ఉన్నవి. మన ఇంటివద్ద పద్దెనిమిది డిగ్రీలకే దుప్పటి వెదకుకొను మనకు అది వేరొక దేశమే.

ఆ కారులో హీటరు ఉన్నది. ఉన్నదని పెద్దగారికి కూడ బాగుగా తెలియదు, ఏలయనగా విశాఖపట్టణములో దానిని త్రిప్పినవాడెవడు? మనకు కావలసినది ఏసీ. నర్సీపట్నము దాటి కొండ ఎక్కుచుండగా పెద్దగారి మేనల్లుడు ఏదో మీట త్రిప్పెను. మొదట దుమ్ము వాసన వచ్చి, తరువాత వెచ్చని గాలి వచ్చెను. ఇంజను గట్టిగా లాగుచున్నంతసేపు అది హాయిగా వీచెను. మామ్మగారు తల వెనుకకు వాల్చి కునుకు తీసిరి. మేము చెప్పులు విడిచి పాదములను ఆ గాలికి చాపుకొంటిమి. ఇంతకంటె సుఖమైన ప్రయాణము లేదని పెద్దగారితో అంటిమి కూడ.

అప్పుడే ఒక మలుపులో దీపపు వెలుగునకు ముగ్గురు కనబడిరి. ఒక మనుష్యుడు, అతని భార్య, ఆమె చంకలో గుడ్డ చుట్టిన చిన్న పిల్ల. అతడు చేయి ఎత్తెను. కారు నడుపు కుఱ్ఱవాడు వేగము తగ్గించి మావైపు చూచెను. అతడు ఏమియు అడుగలేదు, చూచెను, అంతే. మేము వెనుకకు తిరిగి చూచితిమి. మూట ఉన్నది, పెట్టె ఉన్నది, మామ్మగారు నిద్రించుచున్నారు. తలుపు తీసినయెడల ఈ వేడి అంతయు పోవును. "చోటు లేదు గదా నాయనా, వెనుక జీపులు వచ్చును" అని మేము చెప్పితిమి. కారు సాగిపోయెను. వెళ్లుచు మేము అద్దములోనుండి చేయి ఊపితిమి. ఆ చేయి ఊపుటే ఇప్పటికిని మమ్మును ఎక్కువగా సిగ్గుపరచుచున్నది.

పైకి వచ్చుసరికి పొగమంచు కమ్మినది. పది గజముల దూరము కనబడదు. కారు నత్తవలె నడువవలసి వచ్చెను. ఇంజను నెమ్మదించగానే హీటరు చల్లని గాలిని వదలసాగెను. కొంచెము వేగము హెచ్చినచో ఒక వెచ్చని బుస, మరల చలి. మీటను ఎటు త్రిప్పినను అంతే. లోపలి మా ఊపిరితో అద్దములు మసకబారెను. వాటిని తుడుచుటకు కిటికీ సందు తెరువవలసి వచ్చెను. పావుగంటలో మా వ్రేళ్లు కొంకర్లు పోయెను. మామ్మగారు మేలుకొని పళ్లు కొట్టుకొనుచు, కీర్తన ఎత్తబోయి మానివేసిరి.

ఆ స్థితిలో రెండవసారి మనుష్యులు కనబడిరి. ముసలి భార్యాభర్తలు, సంతకు రాజ్‌మా గింజల చిన్న మూట మోసికొనిపోవుచున్నారు. ముసలాయన భుజముమీద దళసరి కంబళి. ఈసారి కుఱ్ఱవాడు మావైపు చూడకమునుపే "ఆపు, ఆపు" అంటిమి. మూటను మా ఒడిలోనికి తీసికొంటిమి. కేకుల పెట్టె పెద్దగారి మోకాళ్లమీదికి పోయెను. వెనుక నలుగురు ఒకరినొకరు ఒరసికొని కూర్చుండిరి. ముసలాయన ఏమియు అనకుండ కంబళి విప్పి నలుగురి మోకాళ్ల మీద పరచెను. ఊరకనే కూర్చున్న మనుష్యుని దేహము సుమారు పాతకాలపు నూరు వాట్ల బల్బు వెదజల్లినంత వేడిని వెదజల్లునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. లెక్కకు ఆ ఇద్దరును రెండు బల్బులు. కొంతసేపటికి వెనుక సీటులో మాటలు మొదలాయెను, ముసలమ్మ ఏదో చెప్పి మామ్మగారిని నవ్వించెను కూడ.

నవ్వు ఆగిన తరువాత మామ్మగారు అడిగిరి: "అయ్యగారూ, నేను కునుకులో ఉన్నాను గానీ నిద్రపోలేదు బాబూ. ఇందాక లేని చోటు ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?"

మేము జవాబు చెప్పలేదు. ఒడిలోని మూట బరువుగా ఉండెను. అందులో ఉన్నవి ఏమో చెప్పుట మరచితిమి: కొండ పిల్లలకు పంచుటకు సంఘమంతయు చందా వేసికొని కొన్న స్వెటర్లు.

లంబసింగి కూడలిలో టీ బడ్డీ దగ్గర దిగితిమి. అక్కడ నెగడు వేసికొని పదిమంది కూర్చుండిరి. టీ త్రాగుచుండగా పెద్దగారికి ఒక ఉపాయము తోచెను: బడ్డీవానిని అడిగి ఒక కుంపటి, కొన్ని బొగ్గులు కొని, కారులో పెట్టుకొని, అద్దములు బిగించుకొని పోవుదమనిరి. కుఱ్ఱవాడు ససేమిరా వద్దనెను. అతడు చెప్పినది నిజమే గనుక చదువరులకు కూడ చెప్పుచున్నాము. మూసిన కారులోగాని మూసిన గదిలోగాని బొగ్గులు రగిలినచో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించును. మనుష్యుడు తలనొప్పి అనుకొని, మత్తు అనుకొని, నిద్రలోనే పోవును. ఇంజను నడుచుచుండగా కారును మూసిన షెడ్డులో నిలిపి అందులో పండుకొనుట కూడ అట్టిదే. చలికాలములో కొండలకు పోవు మన యౌవనస్థులు దీనిని మరువకూడదు. చలి కాచుకొనదలచినచో బయట, పదిమందిలో, గాలి ఆడుచోట కాచుకొనవలెను.

మేము ఇంకను అక్కడ ఉండగానే ఒక జీపు వచ్చి ఆగెను. దానినుండి ఆ ముగ్గురు దిగిరి. అదే మనుష్యుడు, అదే భార్య, అదే పిల్ల. వారిని గుర్తించి మేము ముఖము ప్రక్కకు త్రిప్పుకొంటిమి. అతడు మమ్మును గుర్తించెనో లేదో తెలియదు. కారును మాత్రము ఒకసారి చూచెను. అతడు నేరుగా నెగడు దగ్గరకు వచ్చి, అక్కడివారిని పలుకరించి, రెండు కట్టెలు లోపలికి నెట్టి, వెనుక నిలిచియున్న మావైపు తిరిగి, "ఇలాగొచ్చి కూకోండి బాబూ, అక్కడ చలి" అని తన ప్రక్కన చోటు చూపెను. ఆ నెగడు అతనిది కాదు, మాది కాదు. అయినను అతడు చోటు చేయువాడాయెను, మేము చోటు పుచ్చుకొనువారమైతిమి. మామ్మగారు ఆ పిల్లను ఒడిలో పెట్టుకొని చల్లని పాదములను తమ అరచేతులతో రుద్దుచు కూర్చుండిరి. పెద్దగారు మూట విప్పి ఒక స్వెటరు తీసిరి. పిల్లకు అది చాల పెద్దది.

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో ఓడ పగిలి మెలితే ద్వీపమునకు చేరిన పౌలునకును అతనితోనున్నవారికిని ఆ ద్వీపవాసులు వర్షమును చలియు చూచి నిప్పు రాజవేసి అందరిని చేర్చుకొనిరని చదువుదుము. మన బైబిలు ఆ ద్వీపవాసులను అనాగరికులనే పిలుచుచున్నది. ఆ భాగము మీద మేము ఎన్నిసార్లో ప్రసంగించితిమి. ప్రతిసారియు మేము పౌలు పక్షముననే నిలిచి మాటలాడితిమి. ఓడ అద్దములోనుండి చేయి ఊపి పోయినవారి పక్షమున ఎన్నడును కాదు.

తిరుగు ప్రయాణములో పెద్దగారు ఒక వాదన తెచ్చిరి. ఆయన లెక్కల మాస్టరు. మాటను ఊరక పోనీయరు. "అయ్యగారూ, మొదటివారిని ఎక్కించుకోలేదు, అది తప్పే. కాని రెండవవారిని ఎక్కించుకున్నది మాత్రం మంచిపనా? మనకు చలి వేసింది, వాళ్ల కంబళి కనబడింది, ఎక్కించుకున్నాం. అది ప్రేమ కాదు, బేరం. హీటరు పాడైతే వచ్చిన దయ దయ ఎలా అవుతుంది?" అనిరి.

ఈ ప్రశ్న చిన్నది కాదు. వేదాంత కళాశాలలో మాకు నేర్పినదియు దాదాపు ఇదే: క్రియకంటె హృదయమును చూడవలెను, మనుష్యులకు కనబడవలెనని ధర్మము చేయువాడు తన ఫలము పొందియే యున్నాడని మత్తయి 6వ అధ్యాయము. కాని ఆ దినము వెనుక సీటులో జరిగినదానిని మేము కన్నులార చూచితిమి గనుక, అంత సులభముగా దానిని బేరమని కొట్టివేయలేకపోతిమి.

ప్రసంగి 4:11 చూడుడి. ఇద్దరు కలిసి పండుకొన్నచో వారికి వెట్ట కలుగునని, ఒంటరివానికి ఎట్లు కలుగునని ఆ జ్ఞాని అడుగుచున్నాడు. వారిలో ఎవడు ప్రేమచేత దగ్గరకు జరిగెను, ఎవడు చలిచేత జరిగెను అని ఆయన అడుగలేదు. ఆయన లెక్కలో ఇద్దరును వెచ్చబడిరి, అంతే. యోబు తన నీతిని గూర్చి వాదించుచు 31వ అధ్యాయములో చెప్పినదియు అట్టిదే: బట్టలేని బీదవాడు తన గొఱ్ఱెల బొచ్చుచేత వెచ్చబడెనా, అతని దేహము తన్ను దీవించెనా అనియే యోబు తన్ను పరీక్షించుకొనుచున్నాడు. సాక్ష్యము చెప్పవలసినది ఇచ్చినవాని హృదయము కాదు, వెచ్చబడినవాని నడుము. నిర్గమకాండము 22లో కుదువపెట్టిన వస్త్రమును సూర్యుడు అస్తమించులోగా తిరిగి ఇమ్మనుటకు దేవుడు చూపిన కారణమును గమనించుడి: అది అతనికి ఒక్కటే కప్పు, అది లేక అతడు దేనిని కప్పుకొని పండుకొనును? ఇచ్చువాడు పవిత్రమైన మనస్సుతో ఇయ్యవలెనని అక్కడ లేదు. రాత్రి రాకముందే ఇయ్యవలెనని ఉన్నది.

ఇట్లు చెప్పగా పెద్దగారు కొంతసేపు ఊరకుండి, "సరే, ఆ ముసలివారి సంగతి ఒప్పుకుంటాను. అయితే మనం మంచివాళ్లుగా ఉండాలంటే కారు హీటరు ఎప్పుడూ పాడై ఉండాలన్నమాట" అనిరి. దీనికి మాత్రము మేము జవాబు వెదకవలసి వచ్చినది, ఏలయనగా ఆయన అన్నది మన ఊరిలోనే మేము చూచితిమి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీదికి వచ్చిన దినమును మధురవాడలో ఎవరు మరచిరి? చెట్లు కూలెను, స్తంభములు ఒరిగెను, దినముల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆడక నీళ్లు లేవు. ఆ దినములలో అపార్టుమెంట్లలో ఒకరి పేరు ఒకరికి తెలియనివారు మెట్లమీద కూర్చుండి మాటలాడుకొనిరి. చేతిపంపు దగ్గర వరుసలో ఇంజనీరును పాచిపని చేయు స్త్రీయు ఒకరి బిందె ఒకరు అందుకొనిరి. ఫ్రిజ్‌లోనిది చెడిపోవునని ఒకరు, బియ్యము ఉన్నది గ్యాసు లేదని ఒకరు, కలిపి వండుకొనిరి. ఇది చూచి మేము ఎంతో సంతోషించితిమి. తరువాత కరెంటు వచ్చెను. ఆ రాత్రియే తలుపులు మూసికొనెను. ఎవరును ఎవరిమీదను కోపగించలేదు. ఫ్యాన్లు తిరిగెను, అంతే. మధురవాడ ఒకప్పుడు నిజముగా పల్లె. నగరములో కలిసిన తరువాత కూడ మనము దానిని మన ఊరు అనుచున్నాము. కాని ఒకరి ఇంట నిప్పు అడిగి తెచ్చుకొని పొయ్యి రాజేసికొన్న దినములు పోయినవి. అగ్గిపెట్టె ప్రతి ఇంటను ఉన్నది, అడుగుటకు ఏమున్నది?

లవొదికయ సంఘమునకు వ్రాయబడిన మాటలను, ప్రకటన 3వ అధ్యాయములోనివి, మేము సాధారణముగా భక్తిలో వేడి తగ్గినవారిని గద్దించుటకు వాడుదుము. ఆ లోయలో హియెరాపొలి దగ్గర వేడినీటి ఊటలు ఉన్నవి, ఈనాటికిని ఉన్నవి. కొలొస్సయి వైపున చల్లని నీరు. వేడినీరు నొప్పులు తీర్చును, చల్లని నీరు దప్పిక తీర్చును, లవొదికయకు కాలువలలో చేరిన గోరువెచ్చని నీరు దేనికిని పనికిరాదు అని కొందరు పండితులు వివరించుదురు. ఆ వివరణ మాకు నచ్చినది. అయినను ఇప్పుడు మమ్మును ఆపుచున్నది దాని తరువాతి మాట. ఆ సంఘము తనకు ధనమున్నదని, ఏమియు కొదువ లేదని చెప్పుకొనుచున్నది. ఆ మలుపు దగ్గర మా స్థితి అక్షరాల అదే. మేము ఆ గిరిజనుని ద్వేషించలేదు. అతడు మాకు అక్కరలేదు, అంతే. పాదములు వెచ్చగా ఉన్నవి, కొదువ లేదు. కొదువ లేనివానికి ఎదుటివాడు దారిలో కనబడు చెట్టువంటివాడు.

పెద్దగారితో మేము చెప్పగలిగినది ఇంత మాత్రమే. మనకు అక్కర కలిగినప్పుడు వచ్చు దయ అబద్ధము కాదు. అది మనమేమిటో ఒక్క నిమిషము చూపించు వెలుగు. చలిలో మేము ఆ ముసలివారిని ఎక్కించుకొన్నప్పుడు క్రొత్త మనుష్యులము కాలేదు. మాకు వారు ఎప్పుడును కావలసినవారే, హీటరు దానిని కప్పివేసినది. తప్పు హీటరుది కాదు. వెచ్చదనము పాపమని చెప్పువారితో మేము ఏకీభవింపము. చలిలో వణకు ముసలి తల్లికి వెచ్చని కారు దేవుని దయయే. అయితే వేడిగానున్నవాడు చలిని జ్ఞాపకము చేసికొనుట ఎట్లు? దీనికి పెద్దగారు ఒప్పుకొను జవాబు మావద్ద లేదు. ఆయన దానిని ఇంకను అడుగుచునే యున్నారు, సంఘపు కమిటీలో కూడ.

ఇంకొక సంగతి చెప్పక విడువరాదు. ఆ కొండదారులు ఎవరి చెమటతో పడినవో మనము తలంచము. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడుటకు మునుపు ఆ గూడెము కొండలలో రోడ్ల పనికి గిరిజనులను నిర్బంధించి, సరియైన కూలి ఇయ్యక పని చేయించుకొనిరని చరిత్రలో ఉన్నది. ఆ తిరుగుబాటునకు అదియు ఒక కారణము. ఆ కొండలవారి దారిమీద, వారి పిల్లలకు పంచు స్వెటర్లు పెట్టుకొని, వారికే చోటు లేదని చెప్పి పోయితిమి. యాకోబు 2వ అధ్యాయములో బట్టలేని సహోదరునితో మంచి మాటలు మాత్రము చెప్పి పంపివేయువాడు ఎవడో ఊహించి చెప్పిన మనుష్యుడని ఇంతకాలము అనుకొంటిమి.

మధురవాడకు తిరిగి వచ్చిన తరువాత పెద్దగారు కారును మెకానిక్ దగ్గరకు తీసికొనిపోయిరి. అతడు బానెట్ ఎత్తి చూచి నవ్వెను. కారు హీటరునకు వేరే పొయ్యి లేదు. ఇంజనును చల్లబరచు నీరే వేడెక్కి ఒక చిన్న రేడియేటరు గుండ పారును, దాని మీదుగా ఫ్యాను గాలిని లోపలికి ఊదును. ఆ నీరు తగ్గినయెడల ఇంజను గట్టిగా తిరుగునప్పుడు పంపు నెట్టినంత మట్టుకు వేడి వచ్చును, నెమ్మదించగానే ఆగిపోవును. గొట్టము క్లిప్పు వదులై నీరు కారిపోయినదట. "హీటరు సంగతి సరే, ఇంకొన్నాళ్లు ఇలాగే తిప్పితే ఇంజనే పోయేది. ఈ ఊళ్లో హీటరు ఎవరు చూస్తారండీ, అందుకే తెలియలేదు" అని గద్దించి, క్లిప్పు మార్చి, కూలెంటు నింపెను. ఇప్పుడు హీటరు చక్కగా పనిచేయుచున్నది.

కొండ సంఘమువారు ఈ సంవత్సరము కూడ రమ్మని కబురు పంపిరి. మామ్మగారు వచ్చెదమనిరి గాని, మూటలేవియు సీటుమీద పెట్టరాదని ముందే చెప్పిరి. పెద్దగారు కారు పైకప్పునకు ఇనుప క్యారియరు చేయించుచున్నారు.